మా అత్త యాడ్వెర్బులు చెప్పిన ఎండాకాలం

మా ఇంటి ఓనరమ్మ మనవరాలు మొన్న ఆదివారం వర్క్‌బుక్కు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది. యాడ్వెర్బుల కింద గీతలు గీసుకుని రమ్మన్నారంట. "అక్కా, అసలు యాడ్వెర్బ్ అంటే ఏంది?" అని అడిగింది. పని ఎట్లా చేసినారో చెప్పే మాట, అని నేను చెప్తుండగానే నా ముక్కుకు పసుపు వాసన తగిలింది. చిన్నప్పటి సంగతులు రాసేవాళ్లందరికీ ఇట్లాంటి వాసన ఒకటి వస్తుంది కదా, నాకూ వచ్చిందని సంతోషపడబోతే, పైన ఓనరమ్మ సాంబారు పొడికి పసుపుకొమ్ములు వేయిస్తోందని తెలిసింది. అయినా సరే. వాసన వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

ఇదేమీ మరీ పాతకాలం సంగతి కాదు. నాకింకా తలలో తెల్ల వెంట్రుక రాలేదు. కానీ ఆ ఇల్లు లేదు, ఆ పంచ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇంటి ముందరి సగం పోయింది. మిగిలిన సగాన్ని మా నాయనే పడగొట్టించి షాపులు కట్టినాడు. మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, మంచం వాల్చుకుని ఊర్లో వచ్చేపోయేవాళ్లందరి గాలి తీసిన చోట ఇప్పుడు టైర్లకు గాలి కొడుతున్నారు. కాలం మారిందంటే ఇదే కాబోలు.

మా ఊరు మైదుకూరు నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద, కాలువ పక్కన ఉంది. చుట్టూ ఎర్రనేల, ఎండిన వంకలు. కాలువ నీళ్లు అందినంత మేరకు మాత్రం వరి, పసుపు. బడికి ఎండాకాలం సెలవులు ఇచ్చేసరికి కళ్లాల్లో ఉడకేసిన పసుపు ఆరబోసి ఉండేది. దానికి కాపలా పిల్లలం. మా అరికాళ్లు పసుపు, మోచేతులు పసుపు, కాపలా కాస్తూ తిన్న బొరుగులు కూడా పసుపే. ఎప్పుడు చూసినా పేరంటం నుంచి వచ్చినట్టు ఉండేవాళ్లం. మధ్యాహ్నం రాగిసంగటి, చెనిగ్గింజల ఊరుమిండి, అంటే రోటిపచ్చడి. సాయంత్రం ఉడకేసిన చెనక్కాయలు. రాత్రికి మళ్లీ సంగటే, కాకపోతే మధ్యాహ్నంది. ఇప్పుడు దాన్నే కర్నూలు హోటళ్లలో మట్టిచట్టిలో పెట్టి ఇస్తున్నారు, తినేవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. మా అమ్మ ముద్ద పెడితే ఎవరూ ఫోటో తీయలేదు. తినకపోతే వీపు మీద ఒకటి పడేది.

అత్త అంటే మా నాయన చెల్లెలు. మా ఇంట్లో బి.ఇడి. దాకా చదివిన మొదటి మనిషి. ఆ మాటకొస్తే బి.ఇడి. అనే మాట సరిగ్గా పలికిన మొదటి మనిషి. మా జేజినాయనకు కూతురి చదువంటే శానా గొప్ప. ఇంటికి ఎవరొచ్చినా, మజ్జిగ తాగించి, వాన సంగతి ఎత్తకముందే, "మా పాప బి.ఇడి." అని చెప్పేవాడు. ఆ సర్టిఫికెట్టును లామినేషన్ చేయించి బీరువాలో పట్టుచీరల నడుమ పెట్టినాడు, పురుగు పట్టకుండా. అత్తను కూడా ఇంచుమించు అట్లే పెట్టినాడు.

ఉద్యోగం మాట ఎత్తితే మాత్రం ఆయన గొంతు మారిపోయేది. ఇంత భూమి ఉన్న ఇంటి పిల్ల ఎవరి దగ్గరో జీతానికి చేరి, నెలాఖరున వాళ్ల ముందు చెయ్యి చాస్తుందా, ఊర్లో నేను తలగుడ్డ చుట్టుకుని తిరగాల్నా వద్దా, అని. పెండ్లి అయినాక వాళ్లింటోళ్లు పంపిస్తే పోనీ, అని ముగింపు. మరి చదివించిందెందుకని అత్త ఒకసారి అడిగింది. ఇట్లాంటి మాట వచ్చినప్పుడు జేజినాయన ఎప్పుడూ చేసే పనే చేసినాడు. లేచి చేనికి పోయినాడు.

పంచలో కూర్చుని పిల్లలకు ఊరికే ట్యూషన్ చెప్పుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. ఊరికే చెప్తే అది దానం, జీతానికి చెప్తే నామోషీ.

సెలవులు మొదలైనప్పుడు పంచ నిండా పిల్లలు. మామిడికాయలు పండేకొద్దీ తగ్గిపోయినారు. చివరికి ఇద్దరం మిగిలినాం. ఒకరు నేను. రెండో ఆమె చర్చి వీధిలో ఉండే పాస్టరయ్య కూతురు. నా ఈడుదే, నాకన్నా చురుకు. ఈ రెండో మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది. ఆ పిల్ల ఎప్పుడూ పంచ అంచున కూర్చునేది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. లోపలికి జరగమనీ ఎవరూ చెప్పలేదు. మా జేజి చెనక్కాయలు నాకు గిన్నెలో పెట్టేది, ఆ పిల్లకు దోసిట్లో పోసేది, కాస్త పైనుంచి. అత్త అది చూసినప్పుడల్లా నా గిన్నె తీసి మా ఇద్దరి మధ్యన పెట్టేది. మా జేజి గొంతు సవరించుకునేది.

బడిలో మా సారు యాడ్వెర్బులు చెప్పే ఉండినాడు. బోర్డు మీద ఒక వాక్యం రాసి, దాన్ని మేము సహస్రనామం మాదిరి అప్పజెప్తే, సంతోషించి పంపేసేవాడు. అత్త ఆ వాక్యాన్ని మా నోటివెంట రెండు సార్లు విని ఆపమనింది.

"మీకు ఇంట్లో పనులు చెప్తారు గదా. నీళ్లు తే, కసువూడ్చు, మీ తాతకు మజ్జిగ ఇచ్చిరా. అవి వెర్బులు. అవి మన చేతిలో లేవు. ఎవురో చెప్తారు, మనం చేస్తాం. కానీ ఎట్లా చేయాల్నో ఎవురూ చెప్పరు. అది మనది. ఆ ఎట్లా అనేదే యాడ్వెర్బు."

ఇప్పుడు రాస్తుంటే ఇది పెద్ద మాటగా కనబడుతోంది. అప్పుడు మాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాం.

ఆట ఇది. పొద్దున ట్యూషన్ అయిపోగానే ఒక్కొక్కరికి ఒక యాడ్వెర్బు ఇస్తుంది. సాయంత్రం దాకా ఇంట్లో ఎవరు ఏ పని చెప్పినా, దాన్ని ఆ యాడ్వెర్బుతోనే చేయాలి. నటిస్తున్నట్టు ఉండకూడదు. ఎవరికీ చెప్పకూడదు. సాయంత్రం అత్త మా జేజి పక్కన కూర్చుని, తల దువ్వించుకుంటా, మాటల్లో మాటగా అడుగుతుంది, ఈ పొద్దు ఈ పిల్ల నీళ్లెట్లా తెచ్చింది అని. జేజి నోట్లో నుంచి ఏ మాట వస్తే అదే మా ఫలితం. ఇంగ్లీషులో ఏబీసీడీలు తెలియని మా జేజి ఆ ఎండాకాలమంతా మాకు ఇంగ్లీషు పరీక్షలు పెట్టింది. ఆమెకు తెలియదు, అంతే.

మొదటి రోజు నాకు స్లోలీ వచ్చింది. కొళాయి నుంచి బిందె తెచ్చేసరికి కొళాయి ఆగిపోయింది. సాయంత్రం జేజి, "పెండ్లికూతురు పీటల మీదికి పోయినట్టు పోతాంది, కాల్లో ముల్లేమన్నా ఉండాదేమో చూడు" అనింది. అత్త నా వైపు చూసి కన్ను కొట్టింది. పాస్.

పొలైట్లీ వచ్చిన రోజు జేజినాయనకు మజ్జిగ చెంబు రెండు చేతులతో ఇచ్చి, "తాగండి జేజినాయనా, ఇంకేమన్నా కావాల్నా?" అన్నాను. ఆయన చెంబు పక్కన పెట్టి, మొదట కండ్లజోడు విరిగిందేమో చూసుకున్నాడు. తరువాత రేడియో తిప్పి చూసినాడు. అన్నీ బాగుండటంతో ఇంకా అనుమానం ఎక్కువై, ఏం పగలగొట్టినావో చెప్పు కొట్టను అని బతిమాలినాడు. యాంగ్రిలీ రోజు ఎనుముకు గడ్డి విసిరి విసిరి వేసినాను. ఎనుము పట్టించుకోలేదు గానీ, జేజి చూసి, "అది నీ అత్తగారు గాదు పిల్లా, పాలిచ్చేది, మెల్లగ" అనింది. కేర్‌లెస్‌లీ రోజు నెయ్యి గిన్నె జారవిడిచినందుకు అత్త దగ్గర మెప్పు, అమ్మ దగ్గర దెబ్బలు రెండూ దొరికినాయి. పాస్టరయ్య కూతురుకు లౌడ్లీ వచ్చిన రోజు ఆదివారం. ఆ పిల్ల చర్చిలో పాడిన పాటకు కాలువ అవతల గొర్రెలు కాసేవాళ్లు లేచి నిలబడినారు. వాళ్ల నాయన, కూతురుకు భక్తి ముదిరిందని కండ్లనీళ్లు పెట్టుకున్నాడంట.

ఊర్లో మాత్రం మా ఇద్దరి గురించి వేరే మాట నడుస్తుండేది. ఎండకు పిల్లల తలకాయలు దెబ్బతిన్నాయని.

అత్త ఫోన్ మాట్లాడాలంటే మిద్దె ఎక్కేది. మా ఇంట్లో సిగ్నల్ అక్కడే దొరికేది. ఒడియాలు పెట్టే వంకతో పొద్దున ఎక్కేది, తిరగేసే వంకతో మధ్యాహ్నం ఎక్కేది. ఆ ఏడు మా ఇంట్లో అందరికీ సరిపోయి బంధువులకు పంపినా మిగిలినన్ని ఒడియాలు తయారైనాయి. ఒకరోజు నేను గిన్నె పట్టుకుని వెనకాలే ఎక్కినాను. నేను ఎప్పుడూ ఆమె వెనకాలే. రాత్రి ఆమె పక్కలోనే పడుకునేదాన్ని, జడ ఆమె వేస్తేనే వేయించుకునేదాన్ని. ఇంట్లో నన్ను అత్త తోక అనేవాళ్లు. తోకకు అది తిట్టని తెలియదు.

ఫోన్‌లో మెల్లగా ఇంగ్లీషు మాట్లాడి పెట్టేసి, నన్ను చూసింది. కాసేపు ఒడియాలు పిండి, అప్పుడు చెప్పింది.

"కర్నూల్లో మిషనోళ్ల బడి ఒకటి ఉండాది. టీచరు కావాలంట. నన్ను తీసుకునేటట్టే ఉండారు. తీసుకుంటే నిన్నూ తీస్కపోతా. టీచరింటి పిల్లకు సీటిస్తారు. వస్తావా?"

వస్తానని తల ఊపినాను.

"అయితే ఇంగ్లీషు నోట్లో తిరగాల. ఈ ఆట గట్టిగా ఆడు. ఎవురికీ చెప్పొద్దు."

ఆ రోజు నుంచి నాకు లోకంలో ఇంకో పని లేదు. అప్పటికే నాయన తేల్చి చెప్పేసినాడు, ఆడపిల్లకు హాస్టలెందుకు, పక్క ఊరి హైస్కూల్లో చదువుకోనీ అని. ఆ హైస్కూల్లో ఇంగ్లీషు సారు పోస్టు ఖాళీ. నేను పుట్టినప్పటి నుంచీ ఖాళీ అని చెప్పుకునేవాళ్లు. కర్నూలు పోతే టై ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, ఇద్దరికీ ఒక గది ఉంటుంది, పక్కన అత్త ఉంటుంది. నేను లోపల్లోపల ఊరికి సెలవు చెప్పడం మొదలుపెట్టినాను. వేపచెట్టుకు చెప్పినాను, ఎనుముకు చెప్పినాను. పాస్టరయ్య కూతురుకు చెప్పలేదు, మాటిచ్చినాను కాబట్టి. ఆ పిల్ల మీద మాత్రం లోపల జాలిపడేదాన్ని. పాపం ఇది ఇక్కడే ఉండిపోతుంది కదా అని. నా బతుకులో నేను పడిన జాలి అంతటిలో అంత దండగయింది ఇంకోటి లేదు.

సెలవులు అయిపోవస్తున్నాయి. ఒకరోజు ట్యూషనుకు పాస్టరయ్య కూతురు రాలేదు. చుట్టాల ఊరికి పోయిందన్నారు. పంచలో నేను, అత్త, అంతే. ఆ పొద్దు పాఠం ఏమీ చెప్పలేదు. నా జడ విప్పి మళ్లీ వేసింది. బాగానే ఉన్న జడ.

"ఈ పొద్దు నీ యాడ్వెర్బు క్వైట్లీ" అనింది. "అన్నిటికన్నా కష్టమైంది ఇదే. దీంట్లో పాసైతే ఇంక నేను నేర్పేది ఏమీ లేదు."

ఆ పైన పని కూడా తనే చెప్పింది. ఎప్పుడూ పని చెప్పేది జేజో అమ్మో. ఆ రోజు రెండూ అత్తే ఇచ్చింది. ఆ తేడా నాకు తెలిసింది. తెలిసి, నన్ను పై క్లాసుకు ఎక్కించినారని గర్వపడినాను. గడ్డివామి వెనక ఒక బ్యాగు ఉంది. మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక, ఎవరికీ వినబడకుండా దాన్ని కాలువ వంతెన దగ్గరికి చేర్చాలి. ఇదీ పని.

కర్నూలు పోయే రోజు వచ్చిందని నాకు అర్థమైపోయింది. సగం సరిగ్గానే అర్థమైంది.

సంగటి తిన్నాక ఇల్లంతా చాపల మీద పడింది. నేను బీరువా కింది అరలో నుంచి నా గౌన్లు తీసుకున్నాను, పండగలకు కుట్టించినవి. వామి వెనక బ్యాగు జిప్పు తీసి అత్త చీరల మీద పెట్టి వేసినాను. హడావుడిలో నా గుడ్డలు సర్దడం మరిచిపోయినట్టుంది, పెద్దవాళ్లు మరిచిపోతారు, అనుకున్నాను. చెప్పులు టపటపమంటాయని విప్పి అక్కడే వదిలేసినాను. ఆ ఎండలో ఆ మట్టి మీద ఉత్త కాళ్లతో, నా అంత బరువున్న బ్యాగు భుజానికి తగిలించుకుని, మూలగకుండా నడిచినాను. ఎగురుకుంటా వచ్చే మా వీధి కుక్క ఒకటి నా వెనకాల కొంతదూరం వచ్చింది. అది కూడా మొరగలేదు. అది కూడా పాసే.

వంతెన దగ్గరికి అత్త ఇంకో దోవన వచ్చింది. గొడుగు, చేతిలో టెంకాయ బుట్ట. ఎవరన్నా చూస్తే కాలువగట్టు అమ్మవారి గుడికి పోతున్నానని చెప్పడానికి. బుట్ట నా చేతికిచ్చి బ్యాగు తీసుకుంది. రోడ్డు మీద దూరంగా ఎర్రబస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది.

"ఇంక నువ్వు ఇంటికి పో. జేజి అడిగితే, అత్త మిద్దె మీద ఒడియాలు తిరగేస్తాందని చెప్పు."

"నేను?" అన్నాను.

"వారం లోపల వచ్చి తీస్కపోతా. ముందు యాడ ఉండాల్నో చూసుకోవాల గదా."

బ్యాగులో నా గౌన్లున్నాయి అత్తా, అని చెప్పాలనుకున్నాను. నన్నూ ఎక్కించుకో అని అరవాలనుకున్నాను. కానీ ఆ రోజు నా యాడ్వెర్బు క్వైట్లీ. అరిస్తే ఫెయిల్. ఫెయిలైతే కర్నూలు లేదు. కాబట్టి బస్సు ఆగి, అత్త ఎక్కి, బస్సు కదిలిపోయేదాకా నేను మంచి విద్యార్థిలాగా నిలబడినాను. ఆమె అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది. ఇవతల నుంచి చూస్తే ఆమె గొడుగు పిడి ఒకటే కనబడింది.

కర్నూలుకు బదులు నాకు టెంకాయ వచ్చింది.

ఇంటికి పోయినాక జేజి లేచి అడిగింది. మిద్దె మీద ఒడియాలు అని చెప్పినాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పినాను. ఎండ దిగేదాకా అత్త ఒడియాలు తిరగేస్తూనే ఉంది. చివరికి మోకాళ్ల నొప్పులతో ఎన్నో ఏండ్లుగా మెట్లెక్కని మా జేజి తనే ఎక్కింది. దిగి వచ్చి, "ఒడియాలుండాయి. అది లేదు" అనింది. ఆ మాట అన్న తీరు ఇప్పటికీ నాకు వినబడుతుంది. ఇంట్లో ఏదో వస్తువు కనబడనప్పుడు చెప్పే గొంతు.

నన్ను మొదట ఎవరూ అనుమానించలేదు. బీరువాలో ఏమేమి పోయినాయో చూస్తున్న మా అమ్మకు సర్టిఫికెట్టు లేదని, పట్టుచీరలు అన్నీ ఉన్నాయని, నా గౌన్లు లేవని తెలిసింది. అత్తకు నా గౌన్లు పట్టవు. మా అమ్మ పోలీసు పనికి పోయుంటే పైకొచ్చేది. ఆ తరువాత గరిటెతో జరిగినదానికి యాడ్వెర్బు వేరే చెప్పక్కర్లేదు.

చీకటి పడే ముందు జేజినాయన చేని నుంచి వచ్చినాడు. చెప్పినారు. తలగుడ్డ తీసి గోడకు తగిలించి, కాళ్లు కడుక్కుని, పంచలో కూర్చున్నాడు. మా నాయన బండి స్టార్ట్ చేసి, దాని మీద కూర్చుని, తండ్రి వైపు చూసినాడు. బండి ఆడుతూనే ఉంది. జేజినాయన, "సంగటి పెట్టండి" అన్నాడు. నాయన బండి ఆపేసినాడు. అందరూ తిన్నారు. నేను కూడా తిన్నాను. ఏడుస్తూ తింటే ఊరుమిండి ఇంకా కారంగా ఉంటుందని ఆ రోజే తెలుసుకున్నాను.

మరుసటి రోజు నుంచి అత్త బద్వేలులో చిన్నమ్మ ఇంటికి పోయిందని ఊరికి చెప్పమన్నారు. చెప్పినాను. అప్పటికి నాకు ఏ పనైనా ఎట్లా చెయ్యమంటే అట్లా చెయ్యడం వచ్చేసి ఉండింది.

వారం అయింది. నేను రోజూ మధ్యాహ్నం వంతెన దగ్గరికి పోయేదాన్ని. ఆమె తరఫున నేనే సాకులు తయారుచేసేదాన్ని. గది దొరకలేదేమో. ఎండలు తగ్గినాక వస్తుందేమో. బడి తెరిచినారు, పక్క ఊరి హైస్కూల్లో నన్ను చేర్చినారు. వానలు పడి, చెనక్కాయ పెరికే కాలం వచ్చింది. సాకులు అయిపోయినాయి గానీ, అలవాటు కొన్నాళ్లు మిగిలింది.

దసరా సెలవులకు పాస్టరయ్య కూతురు వచ్చింది. చుట్టాల ఊరికి పోయింది పోయినట్టే అక్కడెక్కడో చదువుతోందని విన్నాను. నలిగిన నీలం స్కర్టు, మోకాళ్ల దాకా తెల్ల సాక్సులు. ఆ సాక్సులను మా ఊరి దుమ్ము ఏం చేసిందో చూసి కొంచెం ఊరట పడినాను. ఆ పిల్ల దాపరికం లేకుండా సంతోషంగా చెప్పింది. కర్నూల్లో మిషన్ హాస్టల్లో ఉంటోంది. మా అత్త వాళ్లకు క్లాస్ టీచరు. శానా మంచి టీచరంట. పిల్లలందరికీ రోజుకొక యాడ్వెర్బు ఇస్తుందంట, హాస్టల్ వార్డెనమ్మను అడిగి ఫలితం చెప్తుందంట.

"ఆ పని ఉండాదని మీ అత్తకు చెప్పింది మా నాయనే గదా. ఎండాకాలంలోనే. నీకు తెల్దా?" అనింది.

"తెలుసు" అన్నాను.

ఆ పిల్లకు సీటు చర్చి తరఫున వచ్చింది, మా అత్త ఇప్పించలేదు. ఆ పిల్లకు దాచాలనే ఆలోచన కూడా లేదు, నాకు అన్నీ తెలుసనుకుంది. ఇవన్నీ నాకు అప్పుడే అర్థమైనాయి. అర్థమైనంత మాత్రాన కడుపుమంట ఆగుతుందా. అత్త నా గురించి అడిగిందా అని మాత్రం అడిగినాను. అడిగింది, బాగుండావా అని అడిగింది, అని చెప్పింది. బాగుండానని చెప్పు, అన్నాను. అదీ పొలైట్లీ.

అత్తను మళ్లీ చూసింది నేను డిగ్రీ చదివేటప్పుడు, జేజినాయన పోయి, ఆయన పెద్దదినం చేసిన రోజు. ఇంటి ముందు షామియానా, వంటవాళ్ల గోల. ఆమె ఆటోలో వచ్చి దిగింది. కండ్లజోడు, కొంచెం ఒళ్లు వచ్చింది. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. జేజి మాత్రం మంచం మీద పక్కకు జరిగింది, కూర్చోవడానికి. అన్ని ఏండ్ల తగాదా అంతటితో అయిపోయింది. ఇంకొంచెం పెద్దగా ఏదన్నా జరుగుతుందని వచ్చిన బంధువులు నిరాశపడి భోజనాలకు పోయినారు.

తిన్నాక చేతులు కడుక్కునే చోట మేమిద్దరమే ఉన్నాం. ఆమెకు చెంబుతో నీళ్లు పోస్తూ, ఒకటి అడుగుతానన్నాను. అడుగు అనింది.

"నన్ను తీస్కపోదామని ఎప్పుడన్నా అనుకున్న్యావా అత్తా, లేకుంటే బ్యాగు మోయను ఒకరు కావాలనేనా?"

ఆమె చేతులు కడుక్కోవడం ఆపింది. అబద్ధం చెప్తుందని అనుకున్నాను. చెప్పినా బాగుండేది.

"మొదట్లో అనుకున్నా. ఉత్తదిగాదు. తర్వాత ఆలోచన జేసినా. నువ్వు నా వెంట వచ్చింటే ఆ సాయంత్రమే మీ నాయన బండేసుకోని వచ్చి ఇద్దర్నీ వెనక్కి తెచ్చింటాడు. బిడ్డ కోసం వస్తారు. నేనొక్కదాన్నే పోతే ఎవురూ రారని నాకు తెలుసు." తల ఎత్తి, "వచ్చినారా?" అని అడిగింది.

బండి ఆడుతూ ఆగిపోయిన శబ్దం గుర్తొచ్చింది. "రాలే" అన్నాను.

"చూసినావా" అనింది. గెలిచిన మనిషి గొంతు కాదు అది.

"మరి వారంలో వస్తానని ఎందుకు చెప్పినావు?"

"బస్సెక్కేవరకు నువ్వు ఏడ్చగూడదు గదా."

అంతలో ఎవరో చెంబు అడిగినారు, ఇచ్చేసినాను.

ఆమె చెప్పిన కారణంలో తప్పెక్కడుందా అని నేను చాలాసార్లు వెతికినాను. దొరకలేదు. ఆమె లెక్క సరిగ్గా వేసింది. ఆ ఇంట్లో ఎవరి కోసం ఎవరు వస్తారో, ఎవరి కోసం రారో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని, బహుశా ఇంకా చిన్న బ్యాగుతో. ఇదంతా అర్థం చేసుకోవడం అంటారు. అర్థం చేసుకున్నాను. అయితే ఆ మధ్యాహ్నం ఉన్నదున్నట్టు చెప్పి అడిగి ఉంటే, నేను ఆ బ్యాగు మోసి ఉండేదాన్ని. ఏడ్చుకుంటానైనా మోసి ఉండేదాన్ని. ఆమె నన్ను అన్ని యాడ్వెర్బులతో పరీక్ష పెట్టి చూసింది గానీ, తెలిసి చేయడమనే ఆ ఒక్కటి పెట్టి చూడలేదు.

నేనూ చివరికి కర్నూలు వచ్చినాను. ఉద్యోగం దొరికి, నా టికెట్టు నేను కొనుక్కుని, నిలబడి వచ్చినాను. అత్త ఇల్లు నేనుండే చోటికి దూరం కాదు. కొన్ని ఆదివారాలు పోతాను. ఉగ్గాని, బజ్జీ చేసి పెడుతుంది. పెండ్లి చేసుకోలేదు, వీధిలో సగం మంది పిల్లలు ఆమె ఇంట్లోనే ఉంటారు, అందరూ చిలకల మాదిరి ఇంగ్లీషు మాట్లాడతారు. ఈ పొద్దు ఉండిపోరాదూ అంటుంది. పనుందని లేస్తాను. ఆమె మా అత్త, మంచి టీచరు, వండి పెడితే తింటాను. నేను నమ్మిన మనిషి మాత్రం ఆ ఎండలో బస్సెక్కిపోయింది. ఇంతవరకూ యాడా దిగినట్టు లేదు.